అదే మాత్ర

పొద్దున్నే మినీబస్సులో
హనోవర్ పార్క్ నుంచి కాన్‌స్టాన్షియాకి.
కేప్ కొండకి మా వైపు ఇసుక గాలి,
ఆ వైపు ద్రాక్షతోటలు.

దొరసానికి ఎనభై తొమ్మిది, నాకు యాభై ఒకటి.
చక్కెర జబ్బుకి మాత్రం
ఇద్దరి ఒంట్లోనూ పదకొండేళ్లే.

ఆమె మాత్రలు ఏడు గళ్ల డబ్బాలో
నేనే సర్దుతాను, ఏ పూటవి ఆ పూటకి.
మా క్లినిక్‌లో బుధవారం
తెల్లారగట్ల నాలుగింటి నుంచి నిలబడితే
"స్టాకు లేదు, వచ్చే వారం రా."

అన్న నెవిల్ అలా వారం వారం తిరుగుతూనే
ముందు బొటనవేలు, తర్వాత మోకాలి దాకా,
నలభై ఆరో ఏట మొత్తంగా.

నిన్న ఆమె పాదాలకి నూనె రాస్తుంటే
"రోవీనా, నువ్వు లేకపోతే నేనేమైపోతానో" అంది.
ఆమె వేళ్లు లెక్కపెట్టాను. పది.

తిరుగు బస్సులో
చెప్పులో నా చిటికెనవేలు కదిపి చూశాను.
కదిలిందో లేదో తెలియలేదు.