ధర

గుణుపురం సంతలో తేలిక నిచ్చెన మీద మనసుపడ్డాను.
సవర ముసిలాయన మాట్లాడకుండా
ఇంకోదాని మెట్టు మెట్టునీ వేలికణుపుతో కొట్టి చూపించాడు.
చీలిన వెదురు దగ్గుతుంది. ఇది దగ్గలేదు.
ధర మీద అరగంట పేచీ.

చూరు కన్నా మూరెడు పైకి.
నేల మెత్తన, గుంట చేసి కాళ్లు దిగేశాను.
కుచ్చిళ్లు బొడ్డున దోపి ఎక్కాను.
కోతులు పగలగొట్టిన పెంకులు పదకొండు.
ఆఖరిది, ఒళ్లు వంచితే అందేలా ఉంది.
వంచలేదు.
దిగి, నిచ్చెన జరిపి, మళ్లీ ఎక్కాను.

కింద పక్కింటి కుంతలా అపా,
మడమ అడ్డుపెట్టి, రెండు చేతులా.
"ధర" అన్నాను, ఆమె ఒడియాలో: పట్టుకో.
"ధరిఛి" అంది.

సంతలో పేచీపడ్డ మాటే అది.
వాన మొదలైంది.
తను కదల్లేదు.