ఖాళీ బండి బరువు

చీమకుర్తి రోడ్డు మీద నాది కాటా ఉద్యోగం.
పద్నాలుగేళ్ళుగా లారీలు తూస్తున్నాను.
లోడు బండి, ఖాళీ బండి, మధ్యలో తేడా రాయి.
చీటీ చింపి చేతికిస్తే
ఏ మొనగాడు డ్రైవరూ నా అంకెని కాదనలేదు.

నన్ను నేను మాత్రం ఎప్పుడూ తూచుకోలేదు.

డాక్టరమ్మ తూచింది.
నూట ఇరవై ఆరు.
కాగితం మీద రాసి, కింద రెండు గీతలు గీసింది.
"ఇందులో లోడెంత, బండెంత మేడం?" అన్నాను.
ఆమె నవ్వలేదు.

టైర్ల కొట్టు పైన జిమ్ము.
ఇరవై రెండు మెట్లు.
పదమూడో మెట్టు మీద ఫోనొచ్చినట్టు ఆగాను.
ఫోను రాలేదు.
చెవి దగ్గర పెట్టుకుని "ఆఁ, ఆఁ, చెప్పు" అన్నాను
నా ఆయాసంతోనే.

లోపల మూడు గోడలకీ అద్దాలు.
ఒక్కణ్ణే వచ్చాననుకున్నా,
ఎటు తిరిగినా నేనే, గుంపుగా.
మా ఆవిడ కొన్న పసుపు టీషర్టు
పొట్ట దాకా వచ్చి చేతులెత్తేసింది.
బల్ల మీది కుర్రాడెవడో "ఒంగోలు గిత్తరా" అన్నాడు.
ఇంకొకడు నీళ్ళతో పాటు నవ్వు మింగాడు.

కోపం రాలేదంటే అబద్ధం.
ఇంటికొచ్చేదాకా ఒకటే ఆలోచన:
తిరునాళ్ళలో బండలాగుడు చూశాను కదా,
బరువైన ఎద్దు బరిలోకి దిగితే
ఎవడు నవ్వాడని?
ఈలలేస్తారు. కండువాలు ఎగరేస్తారు.
లాగలేక మోకాళ్ళ మీద కూలబడ్డా
నీళ్ళే పడతారు గాని.

రెండోరోజు వెళ్ళలేదు.
మూడోరోజూ అంతే.
కారం దోశలు తిన్నాను, రెండు. దాచడమెందుకు.

నాలుగోరోజు కోచ్ ఇమ్మానియేలు
కాటా దగ్గరికే వచ్చి బండి స్టాండేశాడు.
వాళ్ళ నాన్న క్వారీలో డ్రిల్లు పట్టినవాడు.
"ఏం బాబాయ్, ఊరికే ఫీజు కట్టి నన్ను మేపుతావా ఏంది?"
"ఆ అద్దాలు నా వల్ల కాదయ్యా."
"అయితే కిటికీ పక్క సైకిలెక్కు.
అక్కడ అద్దం పగిలింది, ఇంకా వేయించలా."

అట్లా దొరికింది నాకొక మూల.
కిటికీలోంచి లారీలు కనిపించేవి,
నల్లరాళ్ళ మీద ఎండ తగిలినచోట
పసిడి చుక్కలు మెరుస్తూ.
అవి వెళ్ళేవి. నేను తొక్కేవాణ్ణి.
ఐదు నిమిషాలు. ఏడు. మళ్ళీ ఐదే.
మోకాలు తిట్టిన రోజు మూడు.
"ఎంత తొక్కావని కాదు బాబాయ్,
రేపొస్తావా లేదా, అది చెప్పు."

నెల తిరిగాక, రాత్రి డ్యూటీలో,
రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు,
జిమ్ము బూట్లేసుకుని నా కాటా మీదకే ఎక్కాను.
బయటి పలక మీద ఎర్ర అంకెలు: నూట ఇరవై.
ఎగిరి గంతేసేవాణ్ణే.
కానీ దాని గుణం నాకు తెలియదా?
అరవై టన్నుల యంత్రం అది.
ఇరవై ఇరవైగా తప్ప లెక్కపెట్టదు.
నూట పదకొండున్నా నూట ఇరవయ్యే,
నూట ఇరవై తొమ్మిదున్నా నూట ఇరవయ్యే.
నెల్లాళ్ళ నా చెమట
దాని కంటికి ఆనలేదు.

దిగుదామంటే బూటు లేసు ఊడింది.
వంగి కట్టుకున్నాను.
లేచి రెండడుగులు వేశాక గాని తట్టలేదు,
మొన్నటిదాకా ఆ లేసు
"కాలు చాపు నాన్నా" అని మా సుహాసిని కట్టేదని.
వెనక్కి తిరిగి చూశాను.
పద్నాలుగేళ్ళలో మొదటిసారి
నా కాటా తప్పు చెప్పిందనిపించింది.

ఇంతలో లారీ ఒకటి హారన్ కొట్టింది.
"ఏందన్నా, ఎంత లోడు?"
"ఇంకా దించుతూనే ఉన్నాలే, ఆగు."

పొద్దున మళ్ళీ ఇరవై రెండు మెట్లు.
పద్దెనిమిదో మెట్టు మీద ఆగాను.
గిత్త అన్న కుర్రాడు పైనుంచి దిగుతూ
పక్కకి జరిగి చూశాడు.
ఫోను తియ్యలేదు నేను.
ఊరికే ఆగాను,
ఆయాసంగా ఉందని.