ఏ ఊరి కోడి

చౌరస్తా వెనక గల్లీల, రేకుల గోదాంల
నా పని స్టిక్కర్లు అంటించుడు.
రాత్రి బండ్లల్ల అట్టపెట్టెలు దిగుతయి.
పాకెట్టు మీద నవ్వే కుక్క,
కుక్క కింద చీమతలలంత అక్షరాలు.
తెలుగు కాదు, ఉర్దూ కాదు,
నేను పదోతరగతిల తప్పిన ఇంగ్లీషు సుత కాదు.
వాటి మీద మన తెల్ల స్టిక్కరు:
దిగుమతి చేసినవారు, ధర, ఫోను నంబరు.

ఆ నంబరుకు ఒకపారి చేసి చూసిన.
ఎవరో పెండ్లి బ్యాండాయన ఎత్తి
"ఏ తారీఖమ్మా?" అన్నడు.
తారీఖు కోసమే చేసిన అన్నా,
ఈ కోడి ఎప్పుడు చచ్చిందో అడుగుదామని.
అనలేక పెట్టేసిన.

మొగిలిది భూపాలపల్లి. బాయి పని.
జీతం పడ్డ మర్నాడు హన్మకొండ బస్సెక్కుతడు.
ఆయన కుక్క పేరు బొగ్గు,
ఒళ్ళు మాత్రం బెల్లం రంగు.
"నేను అటుకులు తిన్నా అది ఫారిన్ మాల్ తినాలె అక్కా"
అని నాలుగు పాకెట్లు సంచిల ఏసుకుంటడు.
ఎండిన కోడి ముక్కలు,
మా అమ్మమ్మ దండెం మీద ఆరేసిన ఒరుగుల తీరే.
అమ్మమ్మ ఒరుగులకు ముందు ఒక యాట ఉండేది,
చెవికి గాటున్న యాట,
అమ్మినోడు ఐనవోలు ఐలయ్య.

మొన్న జీతం పడకముందే వచ్చిండు.
సంచిల సగం పాకెట్టు, చేతిల పశువుల దవాఖాన చీటి.

"నీళ్ళు తాగుతనే ఉందక్కా.
తాగుడు, పోసుడు. తాగుడు, పోసుడు.
అది పోసిన కాడల్ల చీమలు.
మా అవ్వ చూసి షుగరు బీమారి అన్నది.
డాక్టరు సారు నెత్తురు చూసిండు,
నెత్తుర్ల షుగరు సరిగ్గనే ఉందట.
ఉచ్చల ఉందట.
కిడ్నీలు పట్టి ఉంచాల్సిన తీపిని
పారబోస్తున్నయట.
ఏం పెడుతున్నవురా అని అడిగిండు."

పాకెట్టు గల్లా మీద పెట్టిండు.
పైసలు వాపస్ అడగలే. గట్టిగ మాట్లాడలే.
"గీ కోడి ఏ ఊరిది అక్కా?"

కుమారుపల్లి మార్కెట్ల యాకూబ్ కోస్తడు,
ఈకల తడి ఆరకముందే తూకం.
వాసనొస్తే పొయ్యి కొట్లాడేటందుకు
ఒక మొఖం ఉంటది.
నా దగ్గర ఏముంది, స్టిక్కరు.

గోరుతోని నా స్టిక్కరు నేనే గీకిన.
కింద తారీఖు దొరికింది.
అంకెలు ఏ భాషలనైనా అంకెలే.
ఇంక ఏడాది గడువున్నది.
తప్పు తారీఖుల లేదు.
తప్పు ఎక్కడుందో రాసే జాగ
పాకెట్టు మీద లేదు.

సేటు చీటి చదివిండు.
"అనుమానం అని రాసిండు గదా,
అనుమానానికి దుకాణం మూస్తరా?
ఇంత దేశం తింటలేదా?"
శాంపిలు ఎక్కడికి పంపాల్నో
డాక్టరుకూ తెల్వదు, సేటుకూ తెల్వదు.
మిగిలిన పదహారు పెట్టెలు
సగం ధరకు జమ్మికుంటకు.

పాకెట్లు బందు పెట్టిన కాడి నుంచి
మొగిలి రోజూ పొద్దుగాల ఫోను చేస్తడు.
"అక్కా, ఇయ్యాల సుత వచ్చినయి."
"అక్కా, బారు జర సన్నమైంది."
"అక్కా, రాత్రి వానకొట్టింది, ఏం తెలుస్తలేదు."
ల్యాబులు లేని కాడ
చీమలను కూసోబెట్టి లెక్కిస్తున్నడు.

రాత్రి సేటు పోయినంక
పెట్టెలు ఒక్కొక్కటి ఇప్పిన.
స్టిక్కరు మీద బ్యాండాయన నంబరు కొట్టేసి
పెన్నుతోని నా నంబరు రాసిన.
ఎనిమిది పెట్టెలకు పెన్ను అయిపోయింది.
మిగిలిన ఎనిమిదీ అట్లనే పోయినయి.

ఇయ్యాల తొమ్మిదైంది, మొగిలి ఫోను రాలే.
చీమలు పోయినయా,
చీమలొచ్చే కారణమే పోయిందా,
నేను చేసి అడుగుదామంటే చెయ్యి వస్తలేదు.
ఇగ ఫోను మోగితే
మొగిలో, జమ్మికుంటో.