బిళ్ళ

మెడ పక్కన బిళ్ళ కట్టిందట.
చీటీ మీద పేరు లేదు,
నంబరు, వయసు ముప్పై తొమ్మిది,
మూలన ఎర్ర సిరాతో చిన్న గుర్తు.
ఆ గుర్తేమిటో ఈ గదిలో అందరికీ తెలుసు,
ఎవరం పైకి అనం.

ఫార్మలిన్‌లో రాత్రంతా నాని
మైనం దిమ్మలో బిగిసి
ఉల్లిపొర కన్నా పలచగా తెగి
గాజు బిళ్ళ మీద వాలింది.
ఊదా, గులాబీ.
కంటోన్మెంటు వైపు మబ్బు పట్టింది,
కరెంటు పోయింది, వచ్చింది.
కన్ను ఆనించాను.

గుండ్రటి గుంపులుండాలి, చుట్టూ ముదురు అంచు.
ఇక్కడ అంచు
పురుగు కొట్టిన గోనెలా ఉంది.
కాపలా కాసే చిన్న కణాలే
లోపలికి చొరబడి గుంపును చీలుస్తున్నాయి.
ఒక మూల మాత్రం
ఒకే ముఖం, మళ్ళీ అదే ముఖం,
పెళ్ళి ఫోటోలో పిలవని చుట్టాల్లా.

క్యాన్సరా? ఇంకా కాదు.
కాదని రాద్దామంటే చెయ్యి రాదు.
ఎన్ని రంగులు పోసినా
'ఇంకా' అన్న మాటకి ఏ రంగూ అంటదు.

మూడో రోజు కిటికీ దగ్గర ఆవిడే.
"నా బిళ్ళ సూసినారా అమ్మా? ఏటగుపడింది?
మందు బిళ్ళలు నాలుగేళ్ళబట్టి మింగుతున్నాను,
ఒక్క పూటా తప్పనేదు.
మరిదేటి?"

ఏం చెప్పాలో తెలియక పేరడిగాను.
దాలమ్మ.
పనేమిటన్నాను.
నెల్లిమర్ల, గోనెల మిల్లు, నేత.
"పోగు తెగకముందు వదులవుద్ది.
కంటికగుపడదు,
బొటనేలికి తెలిసిపోద్ది.
తెగినాక ఆపితే గజం గుడ్డ పాడు,
సూపరైజరు తిడతాడు."
అని తన మాటకి తనే నవ్వింది.
నాకు నవ్వు రాలేదు.
నా వేలు ఇంకా ఆ మూల మీదే ఉంది.

విశాఖ పంపాలి, ఇంకో పరీక్షకి, అన్నాను.
మూడు వారాల్లో మళ్ళీ రావాలన్నాను.
మాత్రలు మానొద్దన్నాను,
మానదని తెలిసీ.

రొంటిన ముడి విప్పి
రూపాయి బిళ్ళలు లెక్కపెట్టింది, బస్సుకి.
అయిదు, అయిదు, రెండు, ఒకటి.
ఒకటి జారి నా బల్ల కిందికి దొర్లింది.
వద్దులే అంది.
అప్పటికే నేను వంగాను,
ఆవిడా వంగింది.
సీసాల మధ్య, చీకట్లో,
ఇద్దరం చేతులతో తడుముతున్నాం.