మంచినీళ్ళ పొక్కులు

సీతానగరం ఒడ్డున ఇసుక బస్తాల మీద
పడవని బోర్లా పడుకోబెట్టారు.
పక్కన చుట్టచుట్టిన తెరచాప,
పెళ్ళైపోయాక విప్పేసిన షామియానాలా.

"నిన్ననే తీశాను నీళ్ళలోంచి" అన్నాడు బాలశౌరి.
నిన్న తీసిన పడవకి నాచు తడిగా ఉండాలి.
దీని నాచు గోటితో గీకితే
పిండిలా రాలింది.
నేనేం అనలేదు. బేరం నాది కాదు.

కొనేది నాంచారమ్మ గారు.
ముప్పై ఒక్కేళ్ళు బ్యారేజీ మీద నిలబడి
నీటిమట్టం పుస్తకంలో ఎక్కించిన మనిషి.
అడుగులు, అంగుళాలు, తేదీ, సంతకం.
నది ఎంత ఎత్తుందో ఆవిడకి తెలుసు,
ఎంత చల్లగా ఉంటుందో తెలీదట.
మోటారు పడవ వద్దన్నారు.
"చప్పుళ్ళు చాలా విన్నానయ్యా, గేట్లవి.
గాలితో పోయేదైతే చూడు."

చూడ్డానికి నేనెందుకంటే,
ఆటోనగర్లో ఇరవై ఆరేళ్ళుగా ఫైబర్ పని నాది.
బస్సుల మూతులు, నీళ్ళ ట్యాంకులు,
ఒకసారి సర్కస్ వాళ్ళకి ఏనుగు తల.
రెసిన్ తిని తిని నా వేళ్ళు నున్నబడ్డాయి,
ఆధార్ మిషన్ మీద ముద్ర పడదు.
అయినా పైపూత కింద ఏముందో
ఈ వేళ్ళకి ఇంకా అందుతుంది.

సాయంత్రం దాకా ఆగమన్నాను.
నడినెత్తిన ఎండలో ఏ ఒళ్ళైనా నునుపే.
పొద్దు ఉండవల్లి కొండల వైపు వాలి
వెలుగు అడ్డంగా పాకినప్పుడు లేచాయి:
ఆవగింజంతవి, శనగబద్దంతవి,
ఒకటి ఏకంగా అర్ధరూపాయంత.

రూపాయి బిళ్ళతో కొట్టుకుంటూ పోయాను.
టంగ్. టంగ్. టంగ్. కాలిన కుండ.
టంగ్. టంగ్. బొద్.
బొద్ దగ్గర సుద్దముక్కతో సున్నా.
నా వెనకే ఆవిడ
సున్నాలు లెక్కపెట్టుకుంటూ వస్తున్నారు.

"బందరు సముద్రంలో నాలుగేళ్ళు తిరిగింది,
అప్పుడు ఒక్క పొక్కు లేదు" అన్నాడు బాలశౌరి.
అది మాత్రం అబద్ధం కాదు.
ఉప్పునీళ్ళు గుమ్మంలోనే నిలబడతాయి చాలాసేపు.
మంచినీళ్ళకి మొహమాటం లేదు.
కంటికానని సందుల్లోంచి అడక్కుండా దూరి,
సరిగా గట్టిపడని చోటు వెతుక్కుని
అక్కడ కాపురం పెడతాయి.

ఒకదాన్ని మేకుతో పొడిచాను,
మొహం పక్కకి తిప్పుకుని.
చిమ్మింది. రెండు వేళ్ళ మధ్య జిగట.
బెంజ్ సర్కిల్ నూడుల్స్ బండి మీది
వెనిగర్ సీసా వాసన.

అప్పుడు కాస్త వెనక్కి జరిగి చూశాను.
సున్నాలన్నీ ఎడమ పక్కనే.
బారెడు పొడుగు, మూరెడు వెడల్పు.
అంచున గాజునార మడత
కుడి నుంచి ఎడమకి కాదు,
ఎడమ నుంచి కుడికి.
అది పుర్రచేతి మడత.

వరదొచ్చిన ఏడు. రేవు మెట్టుకి కొట్టుకుని
పొట్ట పగిలిందని ఎవరో లారీలో తెచ్చారు.
షెడ్డు రేకుల్లోంచి వాన.
గట్టిపడే మందు డబ్బా అడుగంటింది,
కొట్టు కట్టేశారు.
ఉన్నదాంతో సరిపెట్టాను.
పైన రంగు అద్దంలా మెరిసింది.
పన్నెండొందలు, రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను.

"నలభై మూడు" అన్నారు నాంచారమ్మ గారు.
నేను నోరు మూసుకుంటే
ధర సగానికి దిగుతుంది.
బాలశౌరి నా మొహమే చూస్తున్నాడు,
అతనికేం తెలుసు, అతను మూడో యజమాని.

"ఆ నలభై మూడూ నావేనమ్మా" అన్నాను.

ఆవిడ ఏమీ అడగలేదు.
సంచిలోంచి పొడుగాటి పుస్తకం తీసి
తేదీ వేశారు. ఎడమ పక్క. 43.
పక్కన ఒక గీత గీసి పెన్ను నాకిచ్చారు.
"సంతకం."

పుర్రచేత్తోనే పెట్టాను.

"ఎన్నాళ్ళు పడుతుంది?"
"చెక్కెయ్యాలి. ఈ వేసవంతా ఎండాలి.
తర్వాత మళ్ళీ నార వెయ్యాలి."
"బేరం ఇంకా తెగలేదు కదండీ" అంటున్నాడు బాలశౌరి.

ఆవిడ అప్పటికే చెప్పులు విడిచి,
కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని,
చీలమండల దాకా దిగారు.