మూడు మడతలు

మూతిని మూడుసార్లు చుట్టాలి,
తర్వాత రెండు కొసలూ కలిపి టక్కుమనిపించాలి.
షెఫీల్డ్ స్టేషన్ వెనక సందులో, కొట్టులో
ముక్కుకి పోగు పెట్టుకున్న కాలమ్ నేర్పాడు.
"చుక్క కూడా లోపలికి పోదు" అన్నాడు,
సొంత బిడ్డ గురించి చెప్పుకున్నట్టు.

నాకు నవ్వొచ్చింది.
గుంటూరు యార్డు పక్కన పెరిగినదానికి
బస్తా మూతి చుట్టడం
ఒకరు నేర్పాలా?

తొంభై ఐదు పౌన్లు. ఆవపిండి రంగు.
పొగమంచులో లారీవాడి కంట పడాలని
అదే ఎంచుకున్నా.

వారమంతా దాని కడుపులో
లాప్‌టాపు, పులిహోర డబ్బా,
కౌన్సిల్ ఆఫీసు జీతాల కాగితాలు.
ఇక్కడి వాన పైనుంచి పడదు,
పక్కనుంచి వస్తుంది, అప్పులవాడిలా.
ట్రామ్ వచ్చేలోపు గొడుగు వెల్లకిలా పడుతుంది,
బూట్లలో బుడబుడ.
కాగితాలు మాత్రం
మిద్దెమీద ఎండిన అప్పడాల్లా
పెళపెళలాడుతూ బయటికొస్తాయి.

శనివారం అదే సంచి స్టానేజ్ గట్టెక్కింది.
డెబ్బై ఒక్కేళ్ళ గ్వెన్ ముందు,
రొప్పుతూ నేను వెనక.
హీథర్ పొదల మధ్య నల్లటి ఊబి
మోకాలిదాకా మింగింది నన్ను.
గ్వెన్ చేతికర్ర అందించి లాగింది, ఒక్క మాట అనకుండా.
తర్వాత బండమీద చతికిలబడి
పది నిమిషాలు నవ్వింది.

వేరే ప్యాంటు వేసుకుని
తడిసిన బట్టలు, నీళ్ళు కారుతున్న మేజోళ్ళు
సంచిలో కుక్కాను.
మూడు మడతలు. టక్.
మర్చిపోయాను.

ఆదివారమంతా తలుపు వెనక వేలాడింది, ఏమీ ఎరగనట్టు.
సోమవారం ఆరున్నరకి
లాప్‌టాపు పెట్టబోయి మూతి విప్పితే
గుప్పుమంది కొండ.
అడుగున గ్లాసెడు నల్లనీళ్ళు,
ఒక హీథర్ రెమ్మ,
ఎవరిదో గొర్రె ఉన్ని పీచు.
రెండు రాత్రులు చుక్క తగ్గకుండా కాపలా కాసింది.
బయటికీ పోదని
చెప్పలేదు కదయ్యా కాలమ్!

సింకులో పోయడానికి మనసొప్పలేదు.
కిటికీలో పుదీనా కుండీకి పోశాను.

ఆ రోజు జీతాల కాగితాలు
కూరగాయల సంచిలో ట్రామెక్కాయి, తడిశాయి.
గెస్ట్ అనే ఆయన జీతంలో
ఒక సున్నా అలుక్కుపోయింది.
ఎవరూ చూడకముందే దిద్దాను,
గోళ్ళకింద
ఇంకా నల్లగానే ఉంది.