సరుకు నిల్వ

బేతంచెర్ల బ్యాంకులో లోను ఫారం ఇచ్చినారు.
పేరు: నాగశేషులు. యాపారం: కటింగు షాపు.
కింద గడి: సరుకు నిల్వ ఎంత?

పెన్ను ఆడనే నిలిచిపోయింది.

పద్నాలుగేండ్లు నాపబండల పాలిషు మిల్లులో చేసినోణ్ణి.
అప్పుడైతే ఈ గడి చిటికెలో నింపుదును,
యార్డులో సుద్దముక్కతో గీతలు గీసుకుంటా పోయి:
రెండడుగులవి ఇన్ని, అంచు పగిలినవి ఇన్ని.
కరెంటు పోతే రాయి కాచుకోనుంటాది.
కొనేటోడు యాడో నిద్రపోతాంటే
వాని వరండా నా చేతికింద నున్నబడతాండె.
వాని మొగం నేను చూసింది ల్యా, నా మొగం వాడూ చూసింది ల్యా.
గీత పడిన బండ పక్కన పెడితిమంటే
ఏ గొడ్లపాకకో అగ్గువకు పోతాండె.

దగ్గు పట్టుకున్నాక
మా నాయన కుర్చీ కాడికి వచ్చినా.

ఈడ మనిషి వచ్చి కూసుంటేనే పని పుడతాది.
బుధవారం మధ్యాన్నం కుర్చీలో
ఫ్యాను గాలొక్కటే కూసోని లేచిపోతాది;
ఆ గంటను దాచిపెట్టి
ఆదివారం బెంచీ మీద ఇసుక్కునే ఏడుమందికి పంచల్యా.
రాతికి మిల్లీమీటరు ఉంది.
దస్తగిరి "కొంచెం తీయి" అంటే సగం నెత్తి,
కంబయ్య సారు అంటే వట్టి కత్తెర చప్పుడు.
నెత్తురు చుక్క తేలితే
ఆ చెంపను పక్కన పెట్టేదానికి ల్యా.
పటిక రుద్దల్ల, ఇంకో మాట ఎత్తల్ల.

మొన్న సుంకన్న వచ్చినాడు, మిల్లులో నా జతగాడు.
దగ్గుకు ముందు గొంతు ఒకసారి ఎగురుతాది,
అది నాకు ఎరికే.
కత్తి ఎత్తినా. దగ్గినాడు. దించినా.
మళ్ళీ ఎత్తినా.
పది నిమిషాల గడ్డం ఇద్దరం కలిసి ముప్పావుగంట చేసినాం.
అద్దంలో చూసుకోని, దవడ తడుముకోని,
నలభై ఇచ్చి వట్టి చేతులతో పోయినాడు.
నాలుగు దినాలకు మళ్ళీ మాస్తాది.
మేం పాలిషు పట్టిన బండలు మాత్రం
ఎవరి ఇంట్లోనో ఇంకా మెరుస్తాంటాయి.

"ఏమప్పా, ఆ గడి ఖాళీగా ఇడిస్తివే?"
ఆఫీసరు మొగంలోకి చూసినా.
"సార్, ఎడమ చెవి కాడ గోరంత ఎక్కువుంది మీకు."
చెయ్యి తన్నంతట తానే పైకి పోయింది ఆయనకు.
"రేపు పొద్దున దొరుకుతావా?"
"రేపు మంగళారం సార్."

నవ్వి, గడిలో ఆయనే సున్నా చుట్టుకున్నాడు.